వెండి వేషానికి నాడాలు

ఖాదర్‌వలిని "ఇది కుట్టగలవా?" అని అడిగినవాడికి ఆ పూట పని జరగదు. ఆ మాట అతనికి గిట్టదు. "ఎప్పుడిస్తావు?" అని అడగాలి. అలా అడిగితే మెడలో టేపు సర్దుకుని, ముక్కు మీది అద్దాల పైనుంచి ఒక చూపు చూసి, "రేపు కాదు, ఎల్లుండి" అంటాడు. ఎల్లుండికి బట్ట తయారుగా ఉంటుంది. మస్కట్‌లో అల్ ఖువైర్ బ్యాంకుల వెనక సందులో, ఒక లాండ్రీకీ ఒక టీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న షాపు అతనిది. ఆ చుట్టుపక్కల తనంతటి దర్జీ ఇంకొకడు లేడని అతనే చెబుతాడు. చెప్పడానికి మొహమాటపడడు. విన్నవాళ్లు నవ్వుతారు గానీ, కాదనడానికి వాళ్ల దగ్గర ఆధారమేమీ ఉండదు.

సొంతూరు కడప జిల్లా ప్రొద్దుటూరు. చదువు తలకెక్కకపోతే వాళ్ల నాయన తీసుకుపోయి ఇస్రాయేలు మేస్త్రి దగ్గర వదిలిపెట్టాడు. ఆ మేస్త్రి కుట్టేది ప్యాంట్లూ చొక్కాలూ కాదు, పద్య నాటకాలకు వేషాలు. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆట ఆడినా ఆయన షాపు నుంచే పెట్టెలు అద్దెకు పోయేవి. మఖమల్ గుడ్డ, జరీ, చమ్కీలు, చెవుల దాకా లేచే భుజకీర్తులు. ఆ రోజుల్లో ఖాదర్‌వలి వేళ్లకు అంటుకున్న చమ్కీలు అన్నంలో కూడా తగిలేవి.

ఆ నాటకాల్లో ఒక పద్ధతి ఉంది. ఒక ఆటలో ఒకే రాజును ముగ్గురు వేస్తారు. మొదటి రాజు సన్నగా పొడుగ్గా ఉంటాడు. రెండో రాజు ఇంత పొట్టతో వస్తాడు. మూడో రాజు పొట్టి. జనం ఏమీ అనుకోరు. కిరీటం అదే, అంగీ అదే, కాబట్టి రాజూ వాడే. అందుకే ఆ అంగీకి వీపున గుండీలుండవు, నాడాలుంటాయి. సన్నవాడు బిగించి కట్టుకుంటాడు, లావువాడు వదులుగా కట్టుకుంటాడు. ముడులు కనిపించకుండా ఏం చేస్తారంటే, రాజు జనానికి వీపు చూపించడు, అంతే. "యా రాజొస్తాడో మనకేం తెలుసురా? గుడ్డ వొదులు పెట్టు" అనేవాడు మేస్త్రి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్!" అని అరుస్తారు. అరిచాక పాడి తీరాల్సిందే. చచ్చి పడిపోయిన రాజైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, ఆ పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తాడు.

ఆటలు తగ్గి పెట్టెలు అటకెక్కాక ఖాదర్‌వలి ఒమాన్ దారి పట్టాడు. మొదట ఖర్జూరం తోటల మధ్య ఉన్న సమాయిల్‌లో చేరి ఒమానీలు తొడిగే తెల్లటి పొడుగు దిష్‌దాషాలు కుట్టాడు. తెలుపు మీద తెలుపు, ఏళ్ల తరబడి. కడుపు నిండింది గానీ చేతులకు ఆకలి తీరలేదు. అల్ ఖువైర్‌కి మారాక ఆఫీసు ప్యాంట్లొచ్చాయి. నలుపు, బూడిద రంగు, మళ్లీ నలుపు.

అట్లాంటి రోజుల్లో ఒక చలికాలం జమ్మలమడుగు షబానా షాపులోకి వచ్చింది. ఆమె మస్కట్‌లోనే ఖురం పేటలో ఒక ఇంగ్లీషు దొర ఇంట్లో వంటా ఇంటిపనీ చూస్తుంది. ఆ దొర కూడా వెనకే ఉన్నాడు. పేరు మార్టిన్, ఇంజినీరు, నిచ్చెనంత పొడుగు, నిచ్చెనంత సన్నం.

"ఖాదరన్నా, మా సారుకు ఒక బట్ట కుట్టాల. నాలుగు షాపులు తిరిగినాం. బొమ్మ సూసి అందరూ నగుతాండారు" అంది షబానా.

మార్టిన్ ఒక పాత పత్రిక కాగితం బల్ల మీద పరిచాడు. అందులో ఒక పాటగాడు. అతనిది ముప్పై ఏళ్ల కిందట వాళ్ల దేశాన్ని ఊపేసిన పాటట. గ్లామ్ రాక్ అంటారట ఆ తరహాని. తల నుంచి కాళ్ల దాకా వెండి రంగు బట్ట, కళ్లకు కాటుక, ఇటుకంత మడమలున్న బూట్లు, చెవులు దాటిన భుజాలు. మగవాడు అట్లా తయారై వీధిలోకి వస్తే మామూలుగా జనం నవ్వుతారు. ఖాదర్‌వలి మాత్రం నవ్వలేదు. కాగితాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. పోయిన చుట్టం ఎదురొచ్చినంత సంతోషమైంది అతనికి.

"ఇది రాజు యేషం గదమ్మా! గద ఒకటి తక్కువ, అంతే" అన్నాడు.

మార్టిన్ గల్ఫ్‌లో పాతికేళ్లుగా ఉన్నవాడు. హిందీ మాట్లాడతాడు. ఖాదర్‌వలితో అతని మాటలన్నీ ఆ భాషలోనే. అతనూ, ఆఫీసు స్నేహితులు కొందరూ కలిసి ఒక చిన్న బ్యాండు పెట్టుకున్నారు. ఏటా చలికాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఖురంలో సముద్రం పక్కన ఉన్న ఒక క్లబ్బు పచ్చికలో పార్టీ జరుగుతుంది. బ్యాండు ఎన్ని వాయించినా చివరి పాట మాత్రం అదే. ఆ ఒక్క పాటకే ఈ వేషం.

ఖాదర్‌వలి కుట్టాడు. భుజాల్లో అట్టలా బిగిసి ఉండే బక్రం గుడ్డ వేశాడు. వేసుకున్నవాడు తల వంచుదామన్నా వంగనివ్వని భుజాలవి. చెయ్యి తన అలవాటు తాను మరవలేదు కాబట్టి వీపున నాడాలూ పెట్టాడు. మార్టిన్ వాటిని చూసి పడిపడి నవ్వాడు. "వేసుకునేది నేనొక్కడినే గదా మాస్టర్, ఈ తాళ్లెందుకు?" అన్నాడు. "ఉండనియ్యండి సార్, మీకు తెలీదు" అన్నాడు ఖాదర్‌వలి.

ఆ పాటను మార్టిన్ ఒకసారి షాపులోని ప్లేయర్‌లో పెట్టి వినిపించాడు. మొదట డ్రమ్ములు. పీర్ల పండగలో సవారి సందు మలుపు తిరిగేటప్పుడు మోగినట్టు మోగాయి. తర్వాత పాడేవాడు ఒక మాట విసురుతాడు, జనమంతా తిరిగి అందుకుంటారు. మళ్లీ విసురుతాడు, మళ్లీ అందుకుంటారు. అంతే పాట. రెండో చరణానికి లాండ్రీలోని బంగ్లాదేశీ అతను ఇస్త్రీ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడి తలాడించాడు. టీ కొట్టు మలయాళీ గ్లాసు మీద చెంచాతో వాయించాడు.

"ఏమంటాండాడమ్మా ఈయప్ప?" అని షబానాను అడిగాడు ఖాదర్‌వలి. సారు స్నానాల గదిలో రోజూ పాడే పాట కాబట్టి ఆమెకు మొత్తం వచ్చు.

"ఈ పొద్దు ఎవురూ ఇంటికి పోవద్దంటాడు. ఎందుకు పోగూడదో మాత్రం సెప్పడు."

అప్పటినుంచీ ఏటా చలికాలం ఆ వేషం షాపుకు రావడం, రాలిన చమ్కీలు కుట్టించుకుని పోవడం మామూలైంది. ఖాదర్‌వలికి ఒకటే లోటు. దాన్ని స్టేజీ మీద ఎన్నడూ చూడలేదు. ఫొటోలు చూశాడు. ఫొటోలో వేషం పడుకున్నట్టే ఉంటుంది. తన చేత్తో కుట్టి, మనిషి ఒంటి మీద కదలగా చూడని వేషం అతని జీవితంలో అదొక్కటే.

రెండు వేల ఎనిమిది చివర మార్టిన్ వేషంతో పాటు ఒక కబురు కూడా తెచ్చాడు. ఉద్యోగం అయిపోయింది, కొత్త సంవత్సరంలో దేశానికి వెళ్లిపోతున్నాడు, మళ్లీ రాడు. వెళ్లేటప్పుడు వేషాన్ని తీసుకుపోయి, అద్దం బిగించి ఇంట్లో గోడకు పెట్టుకుంటాడట. అంతటితో అయిపోలేదు. క్లబ్బు కమిటీలో కుర్రవాళ్లు ఆ పాట వద్దంటున్నారు. ముసలివాళ్ల పాటట. దుబాయ్ నుంచి డీజే వస్తున్నాడు. మార్టిన్ మొహం చూసి ఈసారికి ఒప్పుకున్నారు గానీ, చివర్లో కాదు, జనం తిండి దగ్గర ఉన్నప్పుడు పాడమన్నారు. కదలిక రాకపోతే ఇక ఆ పాట ఉండదు.

"మా బ్యాండులో గిటారు వాయించేవాడే అటువైపు చెయ్యెత్తాడు. మీ తెలుగువాడే, గంగాప్రసాద్ అని" అన్నాడు మార్టిన్. కోపంగా కాదు, నీరసంగా.

ఖాదర్‌వలికి మాత్రం భగ్గుమంది. ఇంకా దుమ్ము కూడా పట్టని వేషాన్ని అటకెక్కిస్తారా? ప్రొద్దుటూరులో ఒకసారి చూశాడు ఆ పని, ఇక్కడ కూడా చూడాలా? ఆ ఉడుకులో అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఆఖరిసారి గదా, సారుకు అచ్చంగా అతికినట్టు చేసి ఇద్దామనుకున్నాడు. గోడకెక్కేది, నాడాలు వేలాడితే ఏం బాగుంటుంది? నాడాలు పీకేశాడు. వీపున వదులు కోసం పెట్టిన, ఒకదాని మీద ఒకటి పడే రెండు పట్టీలనూ కత్తిరించేసి, సన్నటి జిప్పు వేశాడు. మార్టిన్ తొడుక్కుని అద్దంలో చూసుకుంటే చర్మంలా పట్టేసింది. ఇద్దరూ మురిసిపోయారు. ఇస్రాయేలు మేస్త్రి ఆ పక్కనుంటే కత్తెర లాక్కుని నెత్తి మీద ఒకటి వేసి ఉండేవాడు.

"శుక్రవారం నువ్వు కూడా రా మాస్టర్" అన్నాడు మార్టిన్ వెళ్తూ వెళ్తూ.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అలవాటు కొద్దీ సూదీ దారమూ బ్లేడూ జేబులో వేసుకుని ఖాదర్‌వలి టాక్సీలో ఖురం వెళ్లాడు. పచ్చికలో బల్లలు, రంగు కాగితాలు, బిర్యానీ వాసన. దొరలు, దొరసానులు, మన బ్యాంకుల వాళ్లు, దిష్‌దాషాల్లో ఒమానీలు, పిల్లలు. వడ్డనకు సాయంగా వచ్చిన షబానా అతన్ని చూడగానే గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, సారు పడిపోయినాడు! ఆ పాడు బూట్లేసుకోని స్టేజీ ఎక్కతా ఎక్కతా కాలు మడత పడింది."

స్టేజీ వెనక గదిలో మార్టిన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చీలమండ గుమ్మడికాయంత వాచింది, దాని మీద ఐసు సంచి. పక్కన గిటారుతో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. గుండ్రటి మొహం, బొద్దు మనిషి. అతనే గంగాప్రసాద్, తణుకు నుంచి వచ్చి బ్యాంకులో పనిచేస్తున్నాడు.

"కూర్చునే పాడండి సార్" అన్నాడు ఖాదర్‌వలి.

"ఇది కూర్చుని పాడే పాట కాదు మాస్టర్" అన్నాడు మార్టిన్. ఆ మాటలో ఏడుపుంది. ఆ పాట పాడగలిగినవాడు బ్యాండులో ఇంకొక్కడే ఉన్నాడు. దాన్ని వద్దన్నవాడు. మార్టిన్ అతన్ని అడగలేక నేల చూస్తున్నాడు.

గంగాప్రసాద్ చెడ్డవాడేమీ కాదు. "పాడేస్తానండి, దానికేముంది. ఈ జీన్స్ మీదే పాడేస్తాను. ఆ మెరుపుల బట్ట మాత్రం నా వల్ల కాదు బాబాయ్ గారూ, మావాళ్లంతా ఉన్నారక్కడ" అన్నాడు తెలుగులో.

"సూడు నాయనా," అన్నాడు ఖాదర్‌వలి. "యేషం లేకుండా పద్యం పాడితే వార్తలు సదివినట్టుంటాది. నువ్వు పాడేది ఆ పాటే అయితే తొడుక్కో. లేదంటే యింకో పాట పాడుకో."

గంగాప్రసాద్ మార్టిన్ వైపు చూశాడు, ఆ వాచిన కాలు వైపు చూశాడు, నిట్టూర్చి చొక్కా విప్పాడు. మార్టిన్ విప్పి ఇచ్చిన అంగీలో చేతులు దూరాయి. భుజాలు కుదిరాయి. వీపు దగ్గర మాత్రం జిప్పు రెండు అంచుల మధ్య జానెడు ఎడం మిగిలిపోయింది. ఊపిరి బిగబట్టమన్నాడు ఖాదర్‌వలి. బిగబట్టాడు. ఎడం అలాగే ఉంది.

ఖాదర్‌వలికి తను చేసిన పని గుర్తొచ్చింది. వదులుకోసం పెట్టిన గుడ్డ షాపులో చెత్తబుట్టలో పడి ఉంది. తన చేత్తో తనే కత్తిరించాడు. ఇన్నేళ్లుగా "నా అంతటివాడు లేడు" అని చెప్పుకున్న నోరు ఎండిపోయింది. సిగ్గేసింది. మేస్త్రి చెప్పింది ఒకే ఒక్క మాట, ఆ ఒక్క మాటే తప్పాడు. వేషాన్ని మనిషికి కుట్టాడు, రాజుకు కుట్టడం మరిచిపోయి.

బయట డీజే ఏదో ప్రకటిస్తున్నాడు. ఖాదర్‌వలి చూపు మూలన పడి ఉన్న బూట్ల మీద పడింది. మోకాళ్ల దాకా వచ్చే వెండి బూట్లు. వాటికి బారెడు బారెడు వెండి తాళ్లు.

"షబానా, ఆ తాళ్లు పీకు!"

అని, జేబులోంచి సూది తీశాడు. బ్లేడుతో జిప్పు ఊడబీకేశాడు. రెండు అంచుల్నీ మడిచి, బొక్కలు పొడిచి, చిరిగిపోకుండా ఒక్కో బొక్క చుట్టూ కాజా కుట్టు వేశాడు. అద్దాలు జారుతున్నా సర్దుకోలేదు. డ్రమ్ముల వాడు రెండుసార్లు తలుపు తట్టాడు. "ఆగమను" అన్నాడు తలెత్తకుండానే. చేతులు భయపడలేదు. భయపడింది మనిషే. తాళ్లు అటూ ఇటూ కత్తెర గుర్తులా పోనిచ్చి, గంగాప్రసాద్ వీపున బిగించి ముడి వేశాడు. ఎడం పోలేదు, సందుల్లోంచి బనియన్ కనిపిస్తూనే ఉంది. అయినా అంగీ ఒంటిని పట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట నాయనా. ఏమైనా సెయ్, జనానికి యీపు మాత్రం సూపీగాకు."

డ్రమ్ములు మోగాయి. ఖాదర్‌వలి, షబానా స్టేజీ పక్కన నిలబడ్డారు. మార్టిన్ కుర్చీని కూడా అక్కడికే మోసుకొచ్చారు. జనం పళ్లాలు పట్టుకుని బిర్యానీ వరసలో ఉన్నారు. గంగాప్రసాద్ మొదటి మాట విసిరాడు. ఎవరూ అందుకోలేదు. కమిటీ కుర్రాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. గంగాప్రసాద్ సిగ్గుతో తల వంచబోయాడు.

వంగలేదు. బక్రం భుజాలు వంగనివ్వలేదు. గడ్డం పైకే ఉండిపోయింది. గడ్డం పైకుంటే ఛాతీ కూడా పైకొచ్చింది, ఎండలో చమ్కీలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. అంతసేపూ బ్యాంకు గుమాస్తాలా నిలబడ్డవాడు చేతులు రెండూ బార్లా చాపి రెండో మాట విసిరాడు. వరసలో ఉన్న ఒక ముసలి దొరసాని పళ్లెం పక్కన పెట్టేసి గట్టిగా అందుకుంది. ఆమె వెనక ఒక ఒమానీ పెద్దమనిషి అందుకున్నాడు. ఆయన ఆ పాట ఎక్కడ చదువుకునేటప్పుడు విన్నాడో ఏమో, కళ్లు మూసుకుని మరీ పాడుతున్నాడు. మూడో మాటకు వడ్డించేవాళ్లు అందుకున్నారు. నాలుగో మాటకు బిర్యానీ దగ్గర ఎవరూ లేరు. నవ్వుకున్న కమిటీ కుర్రాళ్లు అందరికంటే ముందు నిలబడి గెంతుతున్నారు. ఖాదర్‌వలి కూడా అందుకున్నాడు. ఏం అరిచాడో అతనికే తెలియదు.

తన వేషం కదులుతోంది. ఎన్నో ఏళ్లుగా ఫొటోల్లో పడుకున్నది లేచి, నడిచి, చేతులు ఊపుతోంది. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోకుండా చూశాడు. తుడుచుకుంటే ఆ కాస్తసేపూ చూడలేడు గదా.

పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి. డీజే తన మిషను మీద చెయ్యి వేశాడు.

"వన్స్ మోర్!"

అరిచింది ఖాదర్‌వలి. మైకు అక్కర్లేని గొంతు. అంతా తిరిగి చూశారు. షబానా గరిటె పైకెత్తి "వన్స్ మోర్!" అంది. ఒక క్షణం నవ్వులు, ఆ తర్వాత పచ్చికంతా అదే కేక. డీజే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రమ్ములు మళ్లీ మొదలయ్యాయి.

ఈసారి గంగాప్రసాద్ ఒళ్లు మరిచిపోయాడు. డ్రమ్ముల వాడి వైపు ఉత్సాహంగా తిరిగాడు. తిరిగి, జనానికి వీపు పెట్టి గెంతడం మొదలుపెట్టాడు. ఆ వెండి తాళ్లు, ఆ కత్తెర గుర్తులు, సందుల్లోంచి బనియన్, అన్నీ అందరికీ కనిపించాయి. ఖాదర్‌వలి చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇస్రాయేలు మేస్త్రి దగ్గర పనిచేసిన అన్నేళ్లలో రాజు వీపు చూసిన జనం లేరు. వేళ్ల సందుల్లోంచి భయంభయంగా చూశాడు. జనం ఇంకా గట్టిగా అరుస్తున్నారు. తాళ్లు కూడా వేషంలో భాగమనుకున్నారు కాబోలు.

మార్టిన్ ఆ తాళ్ల వైపే చూస్తున్నాడు. చూసి చూసి, ఖాదర్‌వలి భుజం పట్టుకుని, ఒంటికాలి మీద లేచి నిలబడ్డాడు. నిలబడి పాడాడు. పైకి వినిపించేంత గొంతు లేదు, పక్కనున్న ఖాదర్‌వలికి మాత్రం వినిపించింది. అతని బరువంతా తన భుజం మీద మోస్తూ పాట అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు ఖాదర్‌వలి.

పాట అయ్యాక వెనక గదిలో ముడి విప్పుతుంటే, "బాబాయ్ గారూ, విప్పబుద్ధి కావట్లేదండి" అన్నాడు గంగాప్రసాద్. చెమటకు తడిసి ముద్దయ్యాడు. కమిటీ పిల్లలు ఇద్దరు గుమ్మంలోంచి తొంగిచూసి, వచ్చే ఏడాది ఇది చివర్లో పెట్టాలని చెప్పి వెళ్లారు.

ఖాదర్‌వలి అంగీని దులిపి బల్ల మీద పరిచాడు. "సార్, పాడు చేశాను. జిప్పు మళ్లీ వేసి, మీ కొలతకే కుట్టి ఇస్తాను. గోడకు పెట్టుకుందురు గాని" అన్నాడు మార్టిన్‌తో.

మార్టిన్ ఒక తాడును వేలికి చుట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. అది ఇందాక గంగాప్రసాద్ వీపున చివరి బొక్క దాకా వచ్చి, ముడికి బొటాబొటిగా సరిపోయింది.

"జిప్పు వద్దు. తాళ్లు ఇంతకంటే పొడుగువి వెయ్యి మాస్టర్" అన్నాడు. "వచ్చే ఏడాది ఇతనికంటే లావువాడొస్తే?"

ఖాదర్‌వలి అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎప్పుడిస్తావు?" అన్నాడు మార్టిన్.

"ఎల్లుండి సార్. ఎవరికివ్వాలి?"

"నాకేం తెలుసు?" అన్నాడు మార్టిన్, వేషాన్ని అతని వైపు జరుపుతూ.